చిన్నాయిన కలిపిన బత్తాయి

మా ఇంట్లో పండ్ల రసంలో మందు కలిపే అలవాటు సీసాతో మొదలు కాలేదు, రాలిన కాయతో మొదలైంది. కనగల్ చుట్టుపక్కల బత్తాయి తోటలున్న ఇళ్ళవాళ్ళకు ఈ మాట చెప్పగానే అర్థమైపోతుంది. వినాయక చవితి ముందు నుంచి దీపావళి దాకా సీజన్ కాయ దిగేది. ఎండాకాలంలో కత్తెర కాపు వచ్చేది, కాయ తక్కువ, ధర ఎక్కువ. బేరగాళ్ళు తోటంతా కలియదిరిగి టన్నుకింత అని మాట్లాడుకుని, కాయ తెంపించి, లారీలో ఎత్తించుకుని పోయేవాళ్ళు. లారీ ఎక్కనిది మాకు మిగిలేది. గాలికి రాలిన కాయ, గోలీల కంటే కాస్త పెద్దగా ఉండే చిన్న కాయ, మంగు పట్టిన కాయ అన్నీ చెట్ల కింద ఒక కుప్ప. టన్నుకు ఇంతని తరుగు తీసేసి, మళ్ళీ ఏరి పక్కన పారేసిన ఆ కుప్పను చూస్తే నాయినకు కడుపు మండేది. పిల్లలకు మాత్రం అదే పండగ.

మంగు కాయ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. కంటికి కనిపించనంత చిన్న నల్లి తొక్కను గీకి రసం పీల్చేస్తుంది. కాయ గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే గరుకుగా తగులుతుంది. మార్కెట్లో దాని మొహం ఎవరూ చూడరు. కానీ ఆ దెబ్బతిన్న తొక్క గుండా నీరు తొందరగా ఆరిపోతుంది కాబట్టి లోపలి రసం చిక్కబడి తీపెక్కుతుంది. "మెరిసేది లారీకి పోనీ బిడ్డా, నువ్వు మంగు కాయ ఏరుకరా" అనేది నాయనమ్మ. ఇప్పుడు హైదరాబాద్‌లో తోపుడు బండి దగ్గర ఆగినా నా చెయ్యి ముందు గరుకు తొక్క మీదికే పోతుంది. చేతిలో బరువు తూగితే చాలు, సంచిలో వేసుకుంటాను.

నాయనమ్మ బత్తాయిని ఒలిచేది కాదు. అడ్డంగా రెండు చెక్కలు కోసి, ఇత్తడి గిన్నె మీద ఎడమ అరచెయ్యి జల్లెడలా పట్టి, కుడి పిడికిట్లో ఒక్కసారే పిండేది. గింజలు వేళ్ళ మధ్య ఆగిపోయేవి, రసం ధారగా కిందికి జారేది. రెండోసారి నొక్కనిచ్చేది కాదు. "గట్ల పిసుకకు, తెల్లపొర నలిగితే చేదైతది" అని మా చేతుల మీద ఒక్కటేసేది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని చాలా ఏళ్ళకు చదువుకున్నాను. బత్తాయి, నారింజ జాతి పండ్లలో లిమోనిన్ అనే చేదు పదార్థం పండు పండుగా ఉన్నంతసేపు పుట్టదు. రసం తీసినప్పుడు గింజా తెల్లపొరా నలిగి, వాటిలోని పదార్థానికి రసంలోని పులుపు తగిలాక, నెమ్మదిగా చేదు తేలుతుంది. అందుకే పొద్దున తీసి ఫ్రిజ్‌లో పెట్టిన బత్తాయి రసం సాయంత్రానికి నోట పెట్టలేం. మిక్సీలో గింజలతో సహా తిప్పితే ఇంకా తొందరగా చెడుతుంది. మందు కలిపినా కలపకపోయినా బత్తాయికి ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు ఇది, పిండిన వెంటనే తాగాలి. గ్లాసులు, ఐసు, ఉప్పు, మనుషులు అన్నీ సిద్ధమయ్యాకే మా నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చునేది.

ఆ కత్తిపీట పక్కన దసరాకు వచ్చి కూర్చునేవాడు మా చిన్నాయిన. ఆయన బొంబాయిలో ఒక పెద్ద హోటల్లో, బార్‌లో పనిచేసేవాడు. గ్లాసులు కడగడంతో మొదలై మందు కలిపే బల్ల దాకా వచ్చాడు. పాలమూరు, దేవరకొండ వైపు నుంచి బొంబాయి పోయినవాళ్ళలో మట్టి పనికి, బిల్డింగ్ పనికి పోయినవాళ్ళే ఎక్కువ. మా చిన్నాయిన మాత్రం తెల్ల చొక్కా, నల్ల బో కట్టుకుని దిగిన ఫోటో ఒకటి పంపితే, నాయనమ్మ దాన్ని దేవుడి పటాల వరుసలో పెట్టుకుంది. కొడుకు చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే "రసాలు కలుపుతడు" అని చెప్పేది. నాకు ఆ మాట ఇప్పటికీ ఇష్టం. ఆయన చేసింది అదే.

దసరా రోజు జమ్మి చెట్టు దగ్గరికి పోయి వచ్చి, పెద్దల చేతుల్లో బంగారం పెట్టి, కాళ్ళు మొక్కి, అలయ్ బలయ్ అయ్యాక వాకిట్లో చాపలు పరిచేవాళ్ళు. ఐసు కోసం నల్లగొండ ఐస్ ఫ్యాక్టరీకి మనిషిని తోలేవాళ్ళు. ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టిన గడ్డ బస్సు మీద వచ్చేసరికి సగమయ్యేది. దాన్ని కడిగి, తడి తువ్వాలులో మూటకట్టి చిన్నాయిన రోకలితో కొట్టేవాడు. పెద్ద ముక్కలు ఒక పక్కకు, నూక ఇంకో పక్కకు తీసేవాడు. మందూ రసమూ కలిపి ఊపడానికి పెద్దవి, గ్లాసులోకి నూక. చిన్న ముక్కలతో ఊపితే అవి తొందరగా కరిగి గ్లాసంతా నీళ్ళవుతుందని చెప్పేవాడు. ఆయన బొంబాయి నుంచి తెచ్చిన షేకర్ మూత ఎక్కడో పోయింది. ఆ తర్వాత మూత బిగుతుగా పట్టే మా స్టీలు డబ్బానే షేకర్ అయింది. రెండు చేతులతో మూతా అడుగూ అదిమి పట్టుకుని, భుజం దగ్గర నుంచి ఊపేవాడు. మొదట ఐసు లోపల గలగలమనేది, కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడేది. డబ్బా బయట తెల్లగా మంచు పట్టి, వేళ్ళు అంటుకుంటున్నాయి అనిపించినప్పుడు ఆపేవాడు. గడియారం చూసి లెక్కపెట్టింది లేదు, ఆ తెల్లదనమే లెక్క.

కొలత విషయంలో మాత్రం ఆయన చాలా గట్టి మనిషి. 30 మిల్లీలీటర్ల స్టీలు కొలత ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. కూరలో ఉప్పు చేతి అంచనాతో వేసినా ఫర్వాలేదు గానీ ఇందులో అంచనా పనికిరాదనేవాడు. రెండు కొలతల జిన్, నాలుగు కొలతల బత్తాయి రసం, ఒక కొలత నిమ్మరసం, చిటికెడు ఉప్పు. ఇందులో రహస్యమంతా నిమ్మరసంలో ఉంది. బయటి దేశాల్లో వోడ్కాలో నారింజ రసం పోసి స్క్రూడ్రైవర్ అని ఇస్తారు. అక్కడి పండులో తీపితో పాటు పులుపు కూడా గట్టిగా ఉంటుంది కాబట్టి అది నిలబడుతుంది. మన సాత్‌గూడి బత్తాయిలో పులుపు తక్కువ. ఉత్త బత్తాయి రసంలో జిన్ పోస్తే తియ్యగా, చప్పగా, మందు వాసన ఒక్కటే పైకి తేలుతూ ఉంటుంది. ఒక్క కొలత నిమ్మ పడగానే బత్తాయి మళ్ళీ బత్తాయి అవుతుంది. ఆ నిమ్మకాయ కూడా మాకు దూరం కాదు, నకిరేకల్ నిమ్మ మార్కెట్ మా జిల్లాదే.

గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, పళ్ళెంలో ఉప్పూ కారం కలిపి అందులో బోర్లించేవాడు. పంపరపనస చుట్టం లాంటి గ్రేప్‌ఫ్రూట్ రసంతో, గ్లాసు అంచుకు ఉప్పు అద్ది ఇచ్చే సాల్టీ డాగ్ అనే పానీయాన్ని బొంబాయిలో చాలామంది అడిగేవాళ్ళట. దాన్నే మా బత్తాయికి తిప్పుకున్నాడు, కారం మాత్రం ఆయన సొంతం. మందు పడకముందే పిల్లల గ్లాసులు పక్కకు తీసి నింపేవాడు. మాకూ అదే ఉప్పు కారం అంచు, అదే ఐస్ నూక. పెద్దవాళ్ళలో ఎవరికీ చాటు లేదు. మా అత్తమ్మలు, చిన్నమ్మ, నాయనమ్మ అందరూ ఆ చాపల మీదనే గ్లాసు పట్టుకుని కూర్చునేవాళ్ళు. మధ్యలో వేయించిన పల్లీలు, బొబ్బెర గుడాలు, అప్పుడే దించిన బోటి కూర. మాటల్లో పడి ఎవరైనా గ్లాసు కింద పెట్టేస్తే "ఐసు కరుగుతుంది అక్కా, ముందు తాగు" అని చిన్నాయిన గుర్తుచేసేవాడు.

ఇక రంగపూర్ చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను, ఈ జ్ఞాపకాలన్నిట్లో నాకు ప్రాణం అదే.

బత్తాయి మొక్కను గింజ నుంచి పెంచరు. రంగపూర్ నిమ్మ మొక్క మీదనో, జంబేరి మీదనో బత్తాయి కన్ను అంటు కడతారు. వేరు ఒకరిది, కాయ ఒకరిది. మా తోట చివర బావి గట్టున ఒక చెట్టుకు పైనున్న బత్తాయి అంటు ఎండిపోయింది. కొట్టేద్దామని అనుకున్నంతలో అడుగున వేరు మొక్క చిగురు పెట్టి, చూస్తుండగానే చెట్టయి కూర్చుంది. కాయలు చూడటానికి చిన్న కమలాపండ్లే. నారింజ రంగు, వదులు తొక్క, లోపలి తొనలు కూడా నారింజ రంగే. ఒలిచి నోట్లో పెట్టుకుంటే మాత్రం పళ్ళు జివ్వుమంటాయి. పనికిరాని చెట్టు, బత్తాయి నీళ్ళు తాగుతోందని నాయిన గొడ్డలి తీసినప్పుడల్లా నాయనమ్మ అడ్డం పడేది. ఆమెకు అది పులిహోర చెట్టు. ఎండాకాలం ఆ రసంలో ఉప్పు, జీలకర్ర పొడి కలిపి, రంజన్‌లో చల్లబడిన నీళ్ళు పోసి పొలం నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చేది.

చిన్నాయిన ఒకసారి ఆ కాయ తొక్కను గోటితో గీరి వాసన చూసి, అట్లాగే నిలబడిపోయాడు. నిమ్మకాయ పులుపు, కమలాపండు వాసన, రెండూ ఒకే కాయలో. ఆ సాయంత్రమే బొంబాయి నుంచి తెచ్చుకున్న తెల్ల రమ్ము సీసా తీశాడు. రెండు కొలతల రమ్ము, ఒక కొలత రంగపూర్ రసం, ముప్పావు కొలత చక్కెర నీళ్ళు. చక్కెర, నీళ్ళు సమంగా తీసుకుని ముందే కరగబెట్టుకోవాలి, ఉత్త చక్కెర చల్లటి రసంలో కరగదు, అడుగున పడుంటుంది. మామూలు నిమ్మతో చేస్తే ఇది క్యూబా వాళ్ళ డైకిరీ. శాంటియాగో దగ్గర డైకిరీ అనే చోటు పేరే దానికి వచ్చింది. మా ఇంట్లో మాత్రం "బావిగట్టు" అనే పిలిచేవాళ్ళం. "బావిగట్టు ఒకటి పొయ్యి చిన్నోడా" అని మా పెద్ద మామ కేకేసేవాడు.

చాలా కాలం తర్వాత హైదరాబాద్‌లో ఒక మద్యం షాపు అరలో టాంకరే వాళ్ళ జిన్ సీసా మీద రంగపూర్ అనే పేరు చూసి ఆగిపోయాను. తీసి లేబుల్ అంతా చదివాను. రంగపూర్ నిమ్మ వాసన పట్టించిన జిన్ అది. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ పేరున్న ఆ కాయను, మా నాయిన గొడ్డలి తీసిన కాయను, అంత పేరున్న కంపెనీ సీసా మీద రాసుకుంది. వెంటనే చిన్నాయినకు ఫోన్ చేశాను. "నేను ఎప్పుడో చెప్పిన గదా" అన్నాడు, ఆ గొంతులో సంతోషం దాగలేదు.

1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం రాష్ట్రమంతా మద్య నిషేధం పెట్టింది. 1997లో సడలించే దాకా మా వాకిట్లో సీసా కనిపించలేదు. చిన్నాయిన తన సంచిలో ఏమీ తేలేదు, తెమ్మని ఎవరూ అడగలేదు. కానీ ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మందు లేకుండా కలిపితే అది పిల్లల షరబత్తులా ఉండకూడదని పట్టుపట్టాడు. మందులో ఉండే ఘాటు, కొంచెం చేదు, నాలుక మీద నిలిచే బరువు, ఈ మూడూ ఎట్లా తేవాలన్నదే ఆయన ఆలోచన. ఘాటుకు అల్లం దంచి పిండేవాడు. చేదుకు బత్తాయి పైతొక్కను, తెల్లపొర తగలకుండా సన్నగా చెక్కి, చక్కెర నీళ్ళలో వేసి మరగనిచ్చేవాడు. బరువుకు చల్లారిన టీ డికాక్షన్ రెండు చెంచాలు. పైన గోలీసోడా. బత్తాయి, అల్లం, డికాక్షన్, సోడా కలిసిన ఆ గ్లాసు తాగి మా పెద్ద మామ అనుమానంగా చిన్నాయిన సంచి వెతికాడు.

అప్పుడే నాయనమ్మ ఒక మాట అంది. "ఇదేం కొత్త? ఉగాదికి నేను చేసేది ఇదే గదరా." నిజమే. మా వైపు ఉగాది పచ్చడి గ్లాసులో పోసుకుని తాగేదే. కొత్త కుండలో పల్చటి చింతపండు పులుసు, బెల్లం, సన్నగా తరిగిన మామిడికాయ, వేపపువ్వు, కొబ్బరి, పుట్నాలు, అరటిపండు, ఉప్పు, కారం. తీపి, పులుపు, చేదు, వగరు, కారం, ఉప్పు ఒక్క కుండలో. చిన్నాయిన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, వేపపువ్వు ఎంత వేస్తావు, ఎప్పుడు వేస్తావు అని శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాడు. వచ్చిన ఉగాదికి కుండ ఆయనే కలిపాడు.

అమ్మ పుట్టిల్లు బాలానగర్ వైపు. సీతాఫలంలో పేరున్న బాలానగర్ రకం ఆ ఊరిదే. దసరా సెలవులకు అక్కడికి పోతే గుట్టల మీది నుంచి గంపలు దిగేవి, రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. సీతాఫలంతో కలపడం ఓపికున్నవాళ్ళ పని. గుజ్జును జల్లెడ మీద వేసి చేత్తోనే మెదపాలి, గింజ పగలకూడదు, ఆ గింజలో విషం ఉంటుంది. మిక్సీ మాట ఎత్తొద్దు. పొయ్యి మీద పెట్టినా చేదెక్కుతుంది. చల్లటి పాలు, కొంచెం యాలకుల పొడి, ఒక గిన్నెడు గుజ్జు, రెండు కొలతల ఓల్డ్ మంక్. ముదురు రమ్ము బత్తాయిని మింగేస్తుంది, సీతాఫలం దగ్గర మాత్రం తలొంచుతుంది. అమ్మమ్మ ఇంట్లో ఇది రాత్రి భోజనాలయ్యాక చిన్న గ్లాసుల్లో, పాయసం బదులు వచ్చేది.

కల్లు విషయం వేరు. చలికాలం పొద్దున్నే గౌడ్ మామ చెట్టెక్కే ముస్తాదు కట్టుకుని వచ్చి, ఈత చెట్టు దిగి, కల్లు లొట్టి మా గడప ముందు దించేవాడు. ముందు ఎల్లమ్మ తల్లి పేరు చెప్పి కొంచెం కల్లు నేల మీద సాక పోయాలి. తర్వాతే ఎవరైనా. అప్పుడే దించిన ఈత కల్లు తియ్యగా, తేలికగా ఉంటుంది. అందులో సగానికి సగం బత్తాయి రసం, ఐసు వద్దు, పొద్దుటి చలే చాలు. దీన్ని డబ్బాలో వేసి ఊపకూడదు, పొంగి మూత ఎగిరిపోతుంది. గ్లాసులో పోసి చెంచాతో ఒక్కసారి తిప్పితే అయిపోయింది. పొద్దెక్కే కొద్దీ కల్లు పులుస్తుంది, ఘాటెక్కుతుంది. మధ్యాహ్నం కల్లుకు బత్తాయి ఆనదు, బాగా మాగిన మామిడిపండో సపోటానో కావాలి. గౌడ్ మామకు మాత్రం ఈ కలపడాలేవీ నచ్చలేదు. "చెట్టు ఇచ్చింది ఇచ్చినట్టు తాగాలె" అని తన వాటా ఆకులో వేరుగా పోసుకునేవాడు. ఆయనదీ న్యాయమే.

అల్లనేరేడు గురించి ఒక్క మాట. మృగశిర దాటాక వచ్చే పండు, గల్ల ఉప్పు వేసి చేత్తో పిసికి అరగంట వదిలేస్తే దాని నీరు అదే దిగుతుంది. గింజ తీసేసి, ఆ రసంలో జిన్, నిమ్మ, సోడా. ఇంకేమీ వద్దు. ఆ రంగు చూడటానికే ఒక గ్లాసు ఎక్కువ చేస్తాను.

బోర్లు ఎండిన ఏళ్ళలో మా చుట్టూ ఎన్నో తోటలు పోయాయి. ట్యాంకర్లతో నీళ్ళు పోసి కాపాడుకున్నవాళ్ళున్నారు, చెట్లు పీకి పత్తి పెట్టినవాళ్ళున్నారు. మా తోటలో కూడా సగం పోయింది. కాలువ మీద కృష్ణ నీళ్ళు వచ్చాక తమ్ముడు కొత్తగా మొక్కలు పెట్టాడు. బావిగట్టు చెట్టు మాత్రం ఆ కరువులన్నీ తట్టుకుంది, రంగపూర్ వేరుకు ఎండను ఓర్చుకునే గుణం ఉందనే కదా దాని మీద అంటు కట్టేది. నాయనమ్మ పోయాక దాని మీదికి గొడ్డలి ఎత్తే ధైర్యం నాయినకు కూడా లేకపోయింది.

చిన్నాయిన బొంబాయి వదిలి ఊరికి వచ్చేశాడు. షుగర్ రావడంతో గ్లాసు ముట్టడు. కలపడం మానలేదు. చేతుల్లో బలం తగ్గింది కాబట్టి డబ్బా మా తమ్ముడు ఊపుతాడు, పక్కన కుర్చీలో కూర్చుని చిన్నాయిన చప్పుడు వింటాడు. "ఇంకా కాలే, ఊపు", "చాలు చాలు, నీళ్ళైతది" అని చెప్తుంటాడు. రుచి చూడాల్సి వస్తే నిమ్మ ఎక్కువైందా తక్కువైందా అన్నది చెంచా కొసతో ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకుని తేల్చేస్తాడు. ఆ చుక్కకు మా చిన్నమ్మ కూడా అడ్డు చెప్పదు.

ఈ దసరాకు నా పని ఐసు. గోనెసంచి కాలం పోయింది గానీ చిన్నాయిన పద్ధతి పోలేదు, ట్రేలో వచ్చే చిన్న ముక్కలు ఆయన ఒప్పుకోడు. అందుకని టిఫిన్ గిన్నెల్లో నీళ్ళు పోసి గడ్డలు కట్టించి, థర్మాకోల్ పెట్టెలో పట్టుకుపోతున్నాను. జిన్ సీసా, గోలీసోడా కూడా నా వంతే. మంగు కాయ ఒక గంప, రంగపూర్ కాయ ఒక సంచి పక్కన పెట్టమని తమ్ముడికి చెప్పాను. మందు వద్దనే వాళ్ళకు అల్లం, డికాక్షన్ వేరుగా పెడతాం. మా అమ్మాయికి కొలత చేతికిచ్చి, ఈసారి మొదటి డబ్బా చిన్న తాత నిన్నే కలపమంటాడు చూడు అని ముందే చెప్పి ఉంచాను.